సింపుల్ పాస్టా, పాస్ట్ పర్ఫెక్టా?

ఇంగ్లీషులో, గతంలో ముగిసిన పనిని చెప్పడానికి సాధారణంగా సింపుల్ పాస్ట్ (‘వెంట్’, ‘లెఫ్ట్’ వంటి క్రియారూపం) చాలు. గతంలోనే రెండు పనులు జరిగి, వాటిలో ఏది ముందో స్పష్టం చేయవలసి వచ్చినప్పుడే పాస్ట్ పర్ఫెక్ట్ (‘హాడ్ లెఫ్ట్’ వంటిది) అవసరమవుతుంది. ‘వెన్ ఐ రీచ్డ్ ద స్టేషన్, ద ట్రైన్ లెఫ్ట్’ అంటే నేను చేరగానే రైలు కదిలిందని అర్థం. అదే ‘ద ట్రైన్ హాడ్ లెఫ్ట్’ అంటే నేను చేరేసరికే రైలు వెళ్లిపోయిందని. తెలుగులో ‘అప్పటికే’ చేసే పనిని అక్కడ ‘హాడ్’, దాని వెంట వచ్చే క్రియ మూడవ రూపం చేస్తాయి. ‘ఆఫ్టర్’, ‘బిఫోర్’ వంటి మాటలు క్రమాన్ని ముందే తేల్చేస్తే సింపుల్ పాస్ట్ వాడినా తప్పు కాదు. చాలామంది ‘ఐ హాడ్ గాన్ దేర్ యెస్టర్‌డే’ అంటూ ఒంటరి వాక్యానికీ ‘హాడ్’ తగిలిస్తారు (అది కాస్త గంభీరంగా వినిపిస్తుందనేమో). పోల్చడానికి మరో గతక్షణమేదీ లేనప్పుడు ‘ఐ వెంట్’ అన్నదే సరైన ప్రయోగం.