వరలక్ష్మీ వ్రతం: నీళ్ల కలశమా, బియ్యం కలశమా?

శ్రావణ పౌర్ణమికి ముందొచ్చే శుక్రవారం గోదావరి డెల్టాలో రెండు రకాల కలశాలూ కనిపిస్తాయి. ఇంటి ఆనవాయితీ ఉంటే మార్చకండి. కొత్తగా నోము పట్టేవాళ్లకే ఈ పోలిక.

నీళ్ల కలశానికి చెంబును ముప్పావు వరకే నింపాలి. పసుపు, కుంకుమ, అక్షతలు, ఒక నాణెం, వక్క వేసి, అయిదు మామిడాకులు పెట్టి పైన కొబ్బరికాయ. తొడిమలు నీళ్లలో ఉంటాయి కాబట్టి ఆకులు మర్నాటికీ వాడవు. చిక్కల్లా నీళ్లు ఎక్కువైతేనే: కాయను మూతిలో పెట్టగానే పసుపునీళ్లు పొర్లి కింద పళ్లెంలోని బియ్యం, చుట్టిన రవికెల గుడ్డ తడిసిపోతాయి. మన కోనసీమ కాయలు పెద్దవి, మూతికి సరిపడే చిన్న కాయ ముందే ఏరిపెట్టుకోండి. ఉద్వాసన (అమ్మవారిని సాగనంపడం) అయ్యాక ఆ నీళ్లు ఇల్లంతా చల్లి, మిగిలింది చెట్టు మొదట్లో పోయాలి.

అమ్మవారి వెండి ముఖం కట్టి చీర చుట్టేటట్లయితే బియ్యం కలశమే మేలు. ముఖం బరువుకి కాయ ముందుకు ఒరుగుతుంది. మూతికి అంగుళం కిందివరకు బియ్యం పోసి, చెంబును నేలమీద తట్టి అణిచి, కాయ అడుగును అందులో గుచ్చితే కదలదు. తోమిన చెంబును లోపల పొడిగుడ్డతో బాగా తుడవాలి, ఆకులూ కడిగి ఆరబెట్టాలి. శ్రావణపు ముసురులో కాస్త చెమ్మ ఉన్నా బియ్యం ముక్కిపోతుంది. ఆకులు మాత్రం సాయంత్రానికే వడలిపోతాయి. పూజ మొదట్లో చేసే కలశారాధనకు నీళ్లు వేరే పంచపాత్రలో పెట్టుకోవాలి. మర్నాడు నాణెం, వక్క తీసేసి ఆ బియ్యంతో పరమాన్నం వండుకోవచ్చు.