మణికరణ్, వశిష్ఠ్, కలాథ్: కులు వేడినీటి బుగ్గల్లో ఏది చూడాలి, ఎక్కడ మునగాలి

మణికరణ్‌లో నీళ్లు సలసల కాగుతుంటే కింద అగ్నిపర్వతం ఉందనుకునేవాళ్లే ఎక్కువ. హిమాచల్ ప్రదేశ్‌లోని ఈ కులు జిల్లాలో అలాంటిదేమీ లేదు. వాన నీరు, మంచు కరిగిన నీరు రాతి పగుళ్లలోంచి కిలోమీటర్ల లోతుకు దిగుతుంది. మామూలు నేలలో కిలోమీటరుకు 25 నుంచి 30 డిగ్రీల దాకా వేడి పెరుగుతుంది. గ్రానైట్‌లో ఉండే యురేనియం, థోరియం, పొటాషియం క్షీణిస్తూ ఇంకొంత వేడినిస్తాయి. కాగిన నీళ్లు పగుళ్ల వెంట ఎంత త్వరగా పైకొస్తే అంత వేడి మిగులుతుంది. దారిలో చన్నీళ్లు కలిస్తే చల్లారిపోతాయి. బుగ్గకూ బుగ్గకూ తేడా ముఖ్యంగా అక్కడే వస్తుంది.

చూడ్డానికైతే మణికరణ్‌కే ఓటు. కులు దగ్గరి భుంతర్ పట్టణం నుంచి సుమారు 35 కిలోమీటర్లు, ఎత్తు 1,750 మీటర్లకు అటూఇటూ. ఆ ఎత్తులో నీళ్లు 100కు కాదు, 94 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. బుగ్గ ఇంచుమించు ఆ వేడికి చేరుతుంది కాబట్టే గుడ్డలో మూటగట్టిన బియ్యం అందులో ఉడుకుతాయి. అయితే మన వంటింట్లో కంటే ఆలస్యమవుతుంది, తొందరపడి మూట లాగితే మధ్యలో పలుకు మిగులుతుంది. గుండం అంచుల మీదికి వంగొద్దు. రాయి తడిగా జారుతుంది, ఆవిరిలో అంచు ఎక్కడుందో కనపడదు.

అక్కడి స్నానపు తొట్టెల్లో మునిగితే అసలు బుగ్గ నీళ్లలో మునిగినట్టు కాదు. మనిషి భరించేలా చన్నీళ్లు కలుపుతారు, దాంతో ఖనిజాలూ పలచబడతాయి.

నీళ్లలో ఖనిజాలు ఎంతున్నాయో పరీక్షించాలనుకునేవాళ్లు విద్యుద్వాహకత (నీళ్లు కరెంటును ఎంత తేలిగ్గా పోనిస్తాయో) కొలిచే మీటరును నేరుగా వేడినీళ్లలో ముంచకండి. వేడి పెరిగితే విద్యుద్వాహకత డిగ్రీకి సుమారు 2 శాతం పెరుగుతుంది. సవరణ లేని మీటరు 60 డిగ్రీల నీళ్లలో అసలుకంటే 70 శాతం దాకా ఎక్కువ చూపిస్తుంది. మూత పెట్టిన సీసాలో 25 డిగ్రీలకు చల్లార్చి చూడాలి. పీహెచ్ (నీళ్ల ఆమ్ల, క్షార గుణం) మాత్రం బుగ్గ దగ్గరే చూడాలి, ఎందుకంటే కార్బన్ డయాక్సైడ్ ఎగిరిపోతే పీహెచ్ పెరిగి, సున్నం తెల్లగా అడుగున పేరుకుంటుంది. సీసా ప్లాస్టిక్‌దే మేలు, గాలి బుడగ లేకుండా అంచు దాకా నింపాలి. ల్యాబ్‌లో సిలికా (రాతి నుంచి నీళ్లలో కరిగే ఖనిజం) చూపించాలంటే నీళ్లను అక్కడికక్కడే కొలిచి తీసుకుని డిస్టిల్డ్ వాటర్‌తో పలచన చేయాలి, లేకపోతే చల్లారేసరికి కొంత సిలికా విడిపోతుంది.

ఈ సిలికా లెక్కే లోపలి వేడికి ఆధారం. లీటరుకు 100 మిల్లీగ్రాములుంటే, కరిగిన సిలికాను బట్టి లోపలి వేడిని లెక్కగట్టే క్వార్ట్జ్ సూత్రం ప్రకారం లోపల సుమారు 137 డిగ్రీలు. నేల పైభాగపు వేడిని తీసేసి, కిలోమీటరుకు 30 డిగ్రీల చొప్పున చూస్తే నీళ్లు సుమారు నాలుగు కిలోమీటర్ల లోతుకు వెళ్లొచ్చినట్టు. పైన నదినీళ్లు కలిసుంటే సిలికా తగ్గి, లెక్క కూడా తక్కువ చూపిస్తుంది. మణికరణ్‌లోలా పార్వతీ నది పక్కనే ఉన్నచోట ఈ పొరపాటు సులభం.

బుగ్గ చుట్టూ పేరుకున్న తెల్లని, పసుపు పెంకు ఏమిటో తెలియాలంటే గుడి ఆవరణ ముట్టకుండా బయట ఊడి పడిన పెచ్చు మీద వెనిగర్ చుక్క వేయండి. బుసబుసమని పొంగితే సున్నం. ఏ చలనమూ లేకపోతే సిలికా అయ్యే అవకాశం ఎక్కువ. ఎరుపు గోధుమ రంగు ఇనుముది.

స్నానానికి మాత్రం మనాలీ దగ్గరి వశిష్ఠ్ మేలు. గుడి తొట్టెలు ఆడవాళ్లకీ మగవాళ్లకీ విడివిడిగా ఉంటాయి, డబ్బులడగరు. సన్నటి గంధకం వాసన వస్తుంది. వెండి గొలుసులు తీసేయండి, నల్లబడతాయి. పొద్దున్నే వెళ్తే తొట్టెలో జనం తక్కువ, నేల మీద సబ్బు జారుడూ తక్కువే. కులు మనాలీ రోడ్డు మీది కలాథ్ ఇంకా చిన్నది, నీళ్లు గోరువెచ్చన. పెద్దవాళ్లకు, పిల్లలకు అదే సుఖం.

ఎక్కడ మునిగినా పది నిమిషాలకోసారి పైకి రావాలి. బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్లు, గర్భిణులు డాక్టరును అడగందే దిగకూడదు. ముక్కులోకి నీళ్లు పోనివ్వకండి, వెచ్చటి మంచినీళ్లలో మెదడును తినే అమీబా పెరగగలదు. తాగడమూ వద్దు: కాల్షియం తక్కువున్న గ్రానైట్ వేడినీళ్లలో ఫ్లోరైడ్ పేరుకునే గుణం ఉంది.

బసకు మణికరణ్ గురుద్వారా చవకే కాదు, ఉచితం కూడా. లంగర్‌లో, అంటే గురుద్వారాలోని ఉచిత భోజనశాలలో, భోజనం దొరుకుతుంది, తలమీద గుడ్డ ఉండాలి. రద్దీ రోజుల్లో గది దొరుకుతుందన్న నమ్మకం మాత్రం పెట్టుకోవద్దు. ప్రత్యేక గది కావాలంటే 4 కిలోమీటర్ల దూరంలో కసోల్‌లో చూసుకోండి, కానీ వేసవి వారాంతాల్లో ఆ ఇరుకు రోడ్డు మీద కారు కంటే కాళ్లే ముందుంటాయి. జులై, ఆగస్టుల్లో మానుకోండి. 2023 జులైలో బియాస్ పొంగి ఈ జిల్లా రోడ్లను చాలాచోట్ల తుడిచిపెట్టింది.