పాత డెస్క్‌టాప్: బాగు చేయించాలా, తీసేయాలా?

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి సపోర్ట్ ఆగిపోయింది. అప్పటి నుంచి తెలిసినవాళ్లంతా ఇదే అడుగుతున్నారు: ఇంట్లో పదేళ్ల నాటి డెస్క్‌టాప్ ఉంది, స్లో అయింది లేదా అసలు ఆన్ కావడం లేదు, ఏం చేయమంటారు అని. షాపుకి తీసుకెళ్తే "దీనికి పెట్టడం దండగ సార్, కొత్తది తీసుకోండి" అంటారు. ఒక్కోసారి ఆ మాట నిజమే, కానీ చాలాసార్లు కాదు.

నా లెక్కలో తేల్చేది ఒక్కటే, మదర్‌బోర్డు (మిగతా భాగాలన్నీ తగిలించే ప్రధాన బోర్డు) బతికుందా లేదా అని. ర్యామ్, ఎస్ఎంపీఎస్ (కరెంటు అందించే పెట్టె), హార్డ్ డిస్క్, ఫ్యాన్ వీటిలో ఏది పోయినా అదొక్కటే మార్చుకోవచ్చు, పాతవీ దొరుకుతాయి. బోర్డు పోతే మాత్రం కథ వేరు. రెండు, మూడు తరాల ఇంటెల్ ప్రాసెసర్లకి బోర్డు మీద 1155 సాకెట్ (ప్రాసెసర్ కూర్చునే చోటు), నాలుగో తరానికి 1150, ఒకదానిది ఇంకోదాంట్లో కూర్చోదు. సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీలో తిరిగినా దొరికేది ఎవరి సిస్టమ్‌లోంచో తీసిన బోర్డు, లేదంటే పేరు తెలియని కంపెనీ బోర్డు. పోనీ కొత్త తరం బోర్డు వేద్దామంటే మీ పాత రకం డీడీఆర్3 ర్యామ్ దానికి పట్టదు, ప్రాసెసరూ మార్చాలి. అంటే కేబినెట్ తప్ప మిగతాదంతా కొన్నట్టే, అందులోనూ 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి.

అయితే డిస్‌ప్లే రాకపోగానే బోర్డు పోయిందనుకోకండి. ముందు ప్లగ్ తీసేసి, ర్యామ్ బయటికి తీసి, దాని బంగారు రంగు అంచుని పెన్సిల్ రబ్బరుతో మెల్లగా తుడిచి మళ్లీ పెట్టి చూడండి, చాలా కేసులు అక్కడే తేలిపోతాయి. ఆన్ చేసినప్పుడల్లా తేదీ వెనక్కి పోతుంటే బోర్డు మీదుండే బిళ్ల బ్యాటరీ, సీఆర్2032 సెల్ అయిపోయింది, అది చేతి ఖర్చే. ఫ్యాన్ ఒకసారి కదిలి ఆగిపోతుంటే ఇంకో ఎస్ఎంపీఎస్ తగిలించి చూడమనండి. ఇవన్నీ అయ్యాక ప్రాసెసర్ చుట్టూ చిన్న డబ్బాల్లా ఉన్న కెపాసిటర్లు చూడండి, పైభాగం ఉబ్బితే బోర్డు చివరి దశలో ఉందన్నమాట. వాటిని మార్చి టంకం వేసేవాళ్లు ఉన్నారు కానీ నేనైతే ఆ డబ్బు పెట్టను.

బోర్డు బాగుండి స్లోగా మాత్రమే ఉంటే ఆలోచించక్కర్లేదు, హార్డ్ డిస్క్ బదులు వేగంగా పనిచేసే సాటా ఎస్ఎస్‌డీ వేయించి ర్యామ్ 8 జీబీ చేయించండి. దాన్ని తగిలించే పాత సాటా 2 పోర్టు వేగం సెకనుకి 300 ఎంబీ దాటదు, అయినా హార్డ్ డిస్క్‌తో పోలిస్తే సిస్టమ్ కొత్తదానిలా లేస్తుంది. చిక్కంతా విండోస్‌తోనే. విండోస్ 11కి అధికారికంగా ఇంటెల్ ఎనిమిదో తరం, టీపీఎం 2.0 (భద్రత కోసం ఉండే చిప్) ఉండాలి. ఏవో చిట్కాలతో ఎక్కించేవాళ్లు ఉన్నారు, బ్యాంకు పనులు చేసే సిస్టమ్‌కి మాత్రం వద్దంటాను. నెట్, యూట్యూబ్, పిల్లల చదువు వరకైతే విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ మింట్ హాయిగా సరిపోతుంది. విండోసే కావాలంటే విండోస్ 10 అదనపు సెక్యూరిటీ అప్‌డేట్లకి నమోదు చేసుకోవచ్చు, అవి 2026 అక్టోబర్ 13 దాకానే. పేజ్‌మేకర్, అను ఫాంట్లతో డీటీపీ చేసేవాళ్లకి ఈ టెన్షనే లేదు, నెట్ పీకేసి వాడుకోండి, అలా నడుస్తున్న షాపులు బోలెడు.

కోర్ 2 డ్యుయో, డీడీఆర్2 కాలం నాటిదైతే తీసేయండి. పాత డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ కోసం ప్యారలల్ పోర్టు కావాలంటే తప్ప దాన్ని ఉంచుకుని లాభం లేదు.

కంపెనీలు వాడి వదిలేసిన ఎనిమిదో తరం రీఫర్బిష్డ్ (బాగుచేసి మళ్లీ అమ్మే) సిస్టమ్‌లు కూడా దొరుకుతున్నాయి. రిపేర్ ఖర్చు దాని ధరలో సగానికి చేరితే అదే తీసుకోండి, వారంటీ బిల్లు మీద రాయించుకుని. ఎక్స్‌చేంజ్ ఆఫర్లలో పాతదానికి వచ్చేది నామమాత్రం.

తీసేయడమే ఖాయమైతే ర్యామ్, ఎస్ఎంపీఎస్ విడిగా అమ్ముకోండి. బోర్డుని పాత సామాన్లవాళ్లకి కిలోల లెక్కన ఇవ్వకుండా అనుమతి ఉన్న ఈ-వేస్ట్ రీసైక్లర్‌కి ఇవ్వండి, ఎందుకంటే బయట రాగి కోసం వాటిని కాల్చేస్తారు. హార్డ్ డిస్క్ మాత్రం ఎవరికీ ఇవ్వకండి, మామూలుగా ఫార్మాట్ చేసినా అందులోని ఫైళ్లు వెనక్కి తీయొచ్చు. బాగుంటే యూఎస్‌బీ కేస్‌లో పెట్టుకుని ఫోటోల బ్యాకప్‌కి వాడుకోవచ్చు, డెస్క్‌టాప్ డిస్క్ కాబట్టి విడిగా పవర్ అడాప్టర్ ఉన్న కేస్ అడిగి తీసుకోండి.