ఇంజెరా పళ్లెమా, జపాన్ గిన్నెలా?

చేత్తో తినే మనకు ఇథియోపియా భోజనం సులువే. టెఫ్ అనే చిన్న గింజల ధాన్యం పిండిని రెండు మూడు రోజులు పులియబెట్టి ఒకవైపే కాల్చిన ఇంజెరా మన పుల్లట్టుకు దూరపు చుట్టం. అయితే పళ్లెం అందరికీ ఒక్కటే. కుడిచేత్తో మీ ముందున్న ముక్కే తుంచి, దాంతో కూర పట్టి తీయాలి, వేళ్లు నాకకూడదు. ఎవరైనా ముద్ద నోటికందిస్తే అది గుర్షా. వద్దంటే నొచ్చుకుంటారు.

జపాన్‌లో అన్నం గిన్నె చేతిలోకి ఎత్తుకోవాలి. చాప్‌స్టిక్స్‌ను అన్నంలో నిలువుగా గుచ్చితే చనిపోయినవారికి పెట్టే కూడు గుర్తొస్తుంది. పుల్ల నుంచి పుల్లకు ముక్క అందిస్తే, దహనం తర్వాత ఎముకలు ఏరే తంతే. నూడుల్స్ మాత్రం చప్పుడుగా జుర్రుకోవచ్చు!

శాకాహారులకైతే ఇథియోపియానే మేలు. అక్కడి ఆర్థడాక్స్ క్రైస్తవుల బుధ, శుక్రవారాల ఉపవాస భోజనంలో మాంసం, పాలు, వెన్న ఉండవు. జపాన్‌లో పులియబెట్టిన సోయా ముద్దతో చేసే మిసో సూప్‌లో కూడా సాధారణంగా చేప రసం కలుస్తుంది.