పాత డిస్క్‌మనా, కొత్త సీడీ ప్లేయరా: ఇంట్లో పాత ఆల్బమ్‌లకు ఏది మేలు?

అటక మీద నుంచి సీడీల పెట్టె దించినవాళ్లంతా ఒకటే అడుగుతున్నారు. పాత డిస్క్‌మన్ (చేత్తో పట్టుకెళ్లే సోనీ సీడీ ప్లేయర్) ఒకటి వెతికి కొనమంటారా, ఇప్పుడు బ్లూటూత్‌తో వస్తున్న కొత్త పోర్టబుల్ ప్లేయర్ తీసుకోమంటారా అని. మా ఇంట్లోనూ ఈమధ్యే ఇదే చర్చ నడిచి, చివరికి నేను పాతదే తీసుకున్నాను. అందరికీ అదే సరిపోతుందని మాత్రం అనను. ముందు మీ పెట్టెలో ఏ రకం డిస్కులున్నాయో చూడండి. సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

మన ఇళ్లలో సాధారణంగా మూడు రకాలు కనిపిస్తాయి. ఒకటి, కంపెనీ అచ్చు వేసిన ఆడియో సీడీలు: సినిమా పాటలు, కర్ణాటక కచేరీలు, భక్తి పాటలు. రెండోది, నచ్చిన పాటల లిస్టు రాసిచ్చి షాపులో రైటింగ్ చేయించుకున్నవి, అంటే ఖాళీ డిస్కులో పాటలు ఎక్కించుకున్నవి. మూడోది, ఒక్క డిస్కులో వంద పాటలు కుక్కిన ఎంపీ3 సీడీలు. ఈ మూడో రకం కోసం ఏ ప్లేయరూ కొనకండి. వాటిలో చాలావరకు బాగా కుదించిన 128 కేబీపీఎస్ ఫైళ్లే ఉంటాయి. వాటిని డిస్కులో పెట్టి విన్నా పెన్‌డ్రైవ్‌లో పెట్టి విన్నా ఒకటే. ఒక సాయంత్రం కూర్చుని కాపీ చేసుకుంటే ఆ పని అయిపోతుంది.

కంపెనీ సీడీల సంగతి వేరు. ధ్వనిని సెకనుకు 44,100 సార్లు కొలిచి, ఒక్కో కొలతను 16 బిట్లలో రాస్తారు. పాటలో ఏమీ కుదించకుండా పెట్టిన రికార్డింగ్ అది. 80, 90ల నాటి సీడీల్లో చాలా వాటిలో మెల్లని చోటు మెల్లగా, గట్టిగా వాయించిన చోటు గట్టిగా వినిపిస్తుంది. తర్వాత రీమాస్టర్ చేసిన వాటిలో అంతా ఒకే గట్టితనానికి లాగేసినవి చాలా ఉన్నాయి. కచేరీ సీడీల్లో ఇంకో సుఖం ఉంది. రాగం, తానం, పల్లవి వేర్వేరు ట్రాకులుగా ఉన్నా, ట్రాక్ మారేచోట తంబురా శ్రుతి తెగదు. దాన్నే ఎంపీ3గా మారిస్తే చాలాసార్లు సరిగ్గా అక్కడే చిన్న ఖాళీ పడుతుంది. ఒకసారి ఆ ఖాళీ చెవిన పడిందంటే ఇక ప్రతిసారీ దాని కోసమే ఎదురుచూస్తాం. ఇక పెట్టెలోని కాగితం తెరిస్తే ఏ పాట ఎవరు రాశారో, ఎవరు పాడారో ఉంటుంది. యాప్‌లో పాట రాసినవారి పేరు కోసం ఎంత వెతకాలో మీకు తెలిసిందే.

ఇప్పుడు ప్లేయర్ల విషయానికి వద్దాం. వినేవాళ్లు ఎక్కువగా సౌండ్ గురించి వాదించుకుంటారు. నన్నడిగితే అన్నిటికంటే ముఖ్యమైనది ఆ ప్లేయర్ లేజర్ మీ డిస్కును చివరి పాట దాకా తడబడకుండా చదవగలగడం. మిగతావన్నీ దాని తర్వాతే. లేజర్ వయసుతో బలహీనపడుతుంది. పాత పోర్టబుల్‌లో అది పూర్తిగా పోతే దాదాపు కథ ముగిసినట్టే, ఎందుకంటే ఆ మోడల్‌కు సరిపోయే లెన్స్, అంటే లేజర్ ఉండే భాగం, దొరకాలి. హైదరాబాద్ కోఠిలోని ఎలక్ట్రానిక్స్ బజారు గుజరాతీ గల్లీ అంతా తిరిగినా పెద్ద ప్లేయర్ల లెన్స్ దొరికినంత తేలిగ్గా ఇది దొరకదు.

అందుకే పాతది కొనేటప్పుడు మొదటి పాట విని డబ్బు ఇచ్చేయకండి. సీడీని ప్లేయర్ లోపలి అంచు నుంచి బయటి అంచు వైపు చదువుతుంది. డిస్క్ ఏ కాస్త వంకరగా ఉన్నా ఊగేది బయటి అంచే. కాబట్టి 70 నిమిషాలకు పైగా పాటలున్న డిస్క్ ఒకటి జేబులో వేసుకుని వెళ్లండి. మూత మూయగానే కొద్ది సెకన్లలో పాటల సంఖ్య తెర మీదకు రావాలి. తర్వాత నేరుగా చివరి ట్రాక్‌కు దూకించండి. మళ్లీ మొదటిదానికి రండి. దూకేటప్పుడు గిరగిరమని ఆగిపోతే లెన్స్ జరిగే పట్టాల మీద గ్రీజు గట్టిపడిందన్నమాట. అది బాగవుతుంది, భయపడక్కర్లేదు. చివరి పాట మాత్రమే గెంతుతుంటే, అదీ శుభ్రమైన డిస్కుతో, నేనైతే వదిలేస్తాను. షాపులో రైటింగ్ చేయించిన డిస్క్ కూడా ఒకటి పెట్టి చూడండి. వాటిలో సమాచారం రంగు పొర మీద ఉంటుంది, ఏళ్లు గడిచేకొద్దీ, ముఖ్యంగా ఎండ తగిలితే, ఆ పొర పాలిపోతుంది. కంపెనీ సీడీని చక్కగా పాడించే అలసిన లేజర్ వీటి దగ్గర చేతులెత్తేస్తుంది. చెరిపి మళ్లీ రాసుకునే రీరైటబుల్ రకమైతే ఇంకా కష్టం. అవి వెలుగును చాలా తక్కువగా తిప్పి పంపుతాయి, 80ల, 90ల ప్లేయర్లు చాలావరకు వాటిని గుర్తించవు.

పాతవాటిలోనూ మూడు తరాలున్నాయి. సోనీ 1984లో తెచ్చిన డి-50 మొదటి పోర్టబుల్ సీడీ ప్లేయర్. నాలుగు సీడీ పెట్టెలు ఒకదాని మీద ఒకటి పేర్చినంత సైజు. బ్యాటరీలు లోపల పట్టవు, ఆరు లావుపాటి సెల్స్ వేసే విడి కేసు తగిలించాలి. ఆ తరం ప్లేయర్లు చేతిలోకి తీసుకుంటే బరువుగా, గట్టిగా, చాలా అందంగా ఉంటాయి. దాచుకోవడానికి కొనేవాళ్లను నేను వద్దనను. రోజూ వినడానికైతే వద్దు. 80ల చివర, 90ల మొదట్లో వచ్చిన చాలా సెట్లలో బోర్డు మీది చిన్న కెపాసిటర్లలోని (కరెంటును కాసేపు నిల్వ చేసే భాగాలు) ద్రవం కారి, చుట్టూ ఉన్న రాగి గీతలను తినేస్తుంది. బాగుచేసే ఓపిక, చేయి తిరిగిన మెకానిక్ రెండూ ఉండాలి.

2000 తర్వాతి పల్చటి మోడళ్లు కూడా నాకు అంతగా నచ్చవు. ఎంపీ3 చదువుతాయి, కుదుపు తట్టుకుంటాయి, బ్యాటరీ ఎక్కువసేపు వస్తుంది. అయితే కొన్నిటికి చూయింగ్ గమ్ బిళ్లలా పొడుగ్గా ఉండే ప్రత్యేక బ్యాటరీ కావాలి. కుదుపు తట్టుకోవడానికి పాటను మెమరీలో కుదించి దాచుకునే పద్ధతి కూడా చాలా వాటిలో ఉంది. బస్సులో వినేవాళ్లకు అది వరం. ఇంట్లో బల్ల మీద కదలకుండా ఉన్న ప్లేయర్‌కు దాని అవసరమే లేదు.

నా ఓటు ఈ రెంటికీ మధ్యలో, అంటే 90ల మధ్య నుంచి ఆ దశాబ్దం చివరిదాకా వచ్చిన ప్లేయర్లకు. సోనీ అయినా పానసోనిక్ అయినా ఫరవాలేదు. మామూలు ఏఏ సెల్స్ రెండు వేస్తే చాలు. కుదుపు మెమరీ ఉన్నా చాలా వాటిలో దాన్ని ఆఫ్ చేసే స్విచ్ ఉంటుంది. అన్నిటికంటే నాకు ఇష్టమైనది, ఇయర్‌ఫోన్ రంధ్రం పక్కనే లైన్ అవుట్ అని ఇంకో రంధ్రం. వాల్యూమ్‌తో, బాస్ బటన్‌తో సంబంధం లేకుండా సిగ్నల్ నేరుగా బయటికి వస్తుంది. ఒక మామూలు కేబుల్‌తో ఇంట్లో ఉన్న ఆంప్లిఫయర్‌కో హోమ్ థియేటర్ ఆక్స్ రంధ్రానికో కలిపితే, అరచేతిలో పట్టే ప్లేయర్ హాలంతా నింపేస్తుంది. ఇయర్‌ఫోన్ రంధ్రం నుంచి తీసుకున్నా పాట వస్తుంది కానీ ఒకసారి పెంచిన సౌండ్‌ను మళ్లీ పెంచుతున్నాం కాబట్టి వెనక సన్నని బుస వినిపించే అవకాశం ఎక్కువ. ఇంట్లో వినడానికి కొనేవాళ్లు లైన్ అవుట్ లేని పాత ప్లేయర్ జోలికి వెళ్లకపోవడమే మంచిది.

అడాప్టర్ విషయంలో మాత్రం జాగ్రత్త. కొన్నిటికి 4.5 వోల్టులు, కొన్నిటికి 9 వోల్టులు. పిన్ మధ్యలో ప్లస్సా మైనస్సా అన్నది కూడా మోడల్‌ను బట్టి మారుతుంది. రంధ్రం పక్కనున్న బొమ్మ చూడకుండా ఇంట్లో దొరికిన అడాప్టర్ పెట్టేస్తే బోర్డు కాలిపోవచ్చు.

కొత్తవాటిని తీసిపారేయడానికి లేదు. లేజర్ కొత్తది, వారంటీ ఉంటుంది, టైప్-సి కేబుల్‌తో ఛార్జ్ అవుతాయి. 2024లో వచ్చిన ఫియో డీఎం13 లాంటివి శ్రద్ధగా చేసినవి. అందులో బ్లూటూత్ ఉంది, ఇయర్‌ఫోన్లకు 3.5 మి.మీ.తో పాటు 4.4 మి.మీ. రంధ్రం ఉంది, డిస్కును యూఎస్‌బీలోకి కాపీ కూడా చేస్తుంది. మీ డిస్కుల్లో రైటింగ్ చేయించినవే ఎక్కువైతే, లేదా రిపేరు తలనొప్పి అసలే వద్దనుకుంటే, అలాంటిదే తీసుకోండి. పేరు తెలియని చవక ప్లేయర్లతోనే నాకు పేచీ. బ్లూటూత్, రంగుల లైట్లు అన్నీ ఉంటాయి, నిశ్శబ్దంగా ఉండాల్సిన చోట గరగర వినిపిస్తుంది. అయినా సీడీ పెట్టి బ్లూటూత్‌లో వినడం నాకు అర్థం కాదు. డిస్కులో కుదించకుండా ఉన్న పాటను గాల్లోకి పంపేముందు కుదించేస్తాం.

డీవీడీ ప్లేయర్ ఇంట్లో పనిచేస్తూ ఉంటే కొన్నాళ్లు దానితో వినండి, ఖర్చు లేదు. ల్యాప్‌టాప్ డ్రైవ్ కాపీ చేసుకోవడానికి బాగుంటుంది, కూర్చుని వినడానికి కాదు.

ఏది కొన్నా డిస్కుల సంగతి మరవకండి. తుడిచేటప్పుడు గుండ్రంగా తిప్పొద్దు, మధ్య నుంచి బయటికి నేరుగా తుడవాలి. అడుగువైపు గీతల కంటే పేరు అచ్చువేసిన వైపు గీతలే ప్రమాదం, మెరిసే పొర దాని కిందే ఉంటుంది. విశాఖ, కాకినాడ లాంటి తేమ ఊళ్లలో ప్లాస్టిక్ సంచుల్లోంచి తీసి పెట్టెల్లోకి మార్చి, నాలుగు సిలికా జెల్ పొట్లాలు వేసి పెట్టండి. పాత ప్లేయర్ లెన్స్‌ను నోటితో ఊదకండి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో దూది పుల్ల తడిపి, నొక్కకుండా ఒక్కసారి తుడిస్తే చాలు. వారం పాటు వినరని తెలిస్తే సెల్స్ బయటికి తీసి పెట్టండి. మంచి లేజర్ ఉన్న ప్లేయర్లు కూడా సెల్స్ కారి స్ప్రింగులు తుప్పుపట్టి మూలన పడుతున్నాయి.