బీటిల్ మడ్‌గార్డుల బీడింగ్: సిలికాన్ ట్యూబు పక్కన పెట్టండి

పాత ఫోక్స్‌వాగన్ బీటిల్‌కి నాలుగు మడ్‌గార్డులూ బోల్టులతోనే బాడీకి బిగించి ఉంటాయి, వెల్డింగు ఉండదు. ఆ రెండు రేకుల మధ్య నుంచి సన్నని తాడులా బయటికి కనిపించేదే బీడింగ్. మా 1966 బీటిల్ 1300కి ఈసారి నాలుగు మడ్‌గార్డులకూ విదేశం నుంచి తెప్పించిన పీవీసీ బీడింగ్ సెట్టు వేయించాను. వస్తువు బాగుంది. కొరియరు, కస్టమ్స్ కలిపేసరికి ఖర్చు రెట్టింపు దాటింది, అయినా మళ్ళీ అదే కొంటాను.

ఎందుకంటే విశాఖలో సముద్రపు గాలి రేకుని ఎలా తినేస్తుందో రోజూ చూస్తున్నాను. బండి నడుస్తున్నప్పుడు మడ్‌గార్డు ఒకలా అదురుతుంది, బాడీ ఒకలా అదురుతుంది. మధ్యలో ఏమీ లేకపోతే రేకూ రేకూ రాసుకుని ముందు రంగు పోతుంది, కిర్రుమనే చప్పుడు మొదలవుతుంది, ఆ తర్వాత తుప్పు. బీడింగ్ అసలు పని ఈ రాపిడిని ఆపడం. నీటిని పూర్తిగా ఆపడం దాని పని కాదు. చాలామంది పొరపడేది ఇక్కడే.

పాత మడ్‌గార్డులు విప్పించినప్పుడు, ఎప్పుడో ఏదో షెడ్డులో ఆ సందుల్లో నింపిన సిలికాన్ పొరలు పొరలుగా ఊడి వచ్చింది. దాని వెనక రేకు ఎర్రగా పొక్కి ఉంది. పైనుంచి చూస్తే జాయింటు నున్నగా ఉన్నా, ఎక్కడో ఒక చోట నుంచి దిగిన నీరు బయటికి పోయే దారి లేక లోపలే నిలిచింది. పైగా వెనిగర్ వాసన వచ్చే మామూలు సిలికాన్ గట్టిపడుతూ ఎసిటిక్ ఆమ్లం వదులుతుంది, అది రేకుకి మంచిది కాదు. సిలికాన్ జిడ్డు మిగిలిన చోట మళ్ళీ రంగు వేస్తే సరిగ్గా పట్టదు కూడా. అయినా మా టింకరింగ్ మేస్త్రి గారు, "బీడింగ్ మీద ఒక వరస సిలికాన్ లాగేస్తే చుక్క దిగదండీ" అన్నారు. వద్దన్నాను. పాలియురితేన్ సీలెంట్ కూడా వద్దన్నాను. అది జిగురులా పట్టేస్తుంది. రేపు మడ్‌గార్డు విప్పాలంటే రంగుతో సహా ఊడుతుంది.

ఇక సెట్టు సంగతి. ఇంగ్లీషు T అక్షరం ఆకారంలో ఉంటుంది: పైకి గుండ్రటి అంచు, లోపలికి వెళ్ళే పలచని పట్టీ. పట్టీలో బోల్టులు వచ్చే చోట గాళ్ళు కోసి ఉన్నాయి. ఇదే దీని గొప్పతనం. మడ్‌గార్డుని పూర్తిగా విప్పనక్కర్లేదు, ఎం8 (8 మి.మీ. మర) బోల్టులన్నీ వదులు చేసి సందులోకి పై నుంచి దించితే గాళ్ళు బోల్టుల మీద కూర్చుంటాయి. మా బండి వెనక మడ్‌గార్డులకి అన్నీ కుదిరాయి. ముందు కుడివైపు మాత్రం ఒక గాడి బోల్టుకి కొంచెం పక్కకి పడింది, కత్తెరతో వెడల్పు చేస్తే సరిపోయింది. పొడవు అవసరం కంటే ఎక్కువే ఇచ్చారు. చివర కోసేది బిగించాకే, ముందు కాదు.

నాకు నచ్చనిది ప్యాకింగ్. మడతపెట్టి పంపారు, మడత పడిన చోట గుండ్రటి అంచు నొక్కుకుపోయింది. ఎండలో మేడ మీద చాపి పరిస్తే చాలావరకు సర్దుకుంది. ఎండ లేని రోజయితే వేడినీళ్ళలో ఉంచినా మెత్తబడుతుంది.

బిగించేటప్పుడు మడ్‌గార్డు పైభాగంలో మధ్య బోల్టు దగ్గర మొదలుపెట్టి రెండు వైపులా కొంచెం కొంచెంగా బిగించుకుంటూ రావాలి. ఒకరు లోపలి నుంచి స్పానరు తిప్పుతుంటే, ఇంకొకరు బయట అంచుని వేలితో నొక్కి పట్టుకోవాలి. ఒకే బోల్టుని ముందే గట్టిగా బిగిస్తే పక్కన బీడింగ్ ఉబ్బుతుంది, ఆ ఉబ్బు తర్వాత పోదు. రెండు రేకుల అంచులకీ ముందే ప్రైమరు, రంగు వేయించి బాగా ఆరనివ్వండి. కొత్త బోల్టుల మరలకి గ్రీజు రాయండి. అన్నీ అయ్యాక చక్రం వైపు నుంచి జాయింటు మీద మైనపు పూత కొట్టించాను. సీలింగ్ అని దేన్నైనా అనాలంటే నేను దాన్నే అంటాను. ఎండిపోయి పగలదు, విప్పాల్సి వస్తే తుడిస్తే పోతుంది.

సీటు కవర్లు కుట్టే దుకాణాల్లో దొరికే సోఫా పైపింగ్ (కుట్టు అంచున వేసే తాడులాంటి పట్టీ) వాడమని సలహా ఇచ్చేవాళ్ళున్నారు. లోపల నూలు తాడు ఉంటే అది నీరు పీలుస్తుంది. 1920, 30ల నాటి ఫోర్డ్ మోడల్ ఏ లాంటి కార్లకి గుడ్డ చుట్టిన తాడు వేసేవాళ్ళు. ఆ కార్లకి అది న్యాయం, అసలు రూపం కోసం అదే వేయాలి. తేమ గాలిలో తిరిగే బీటిల్‌కి మాత్రం వద్దు. మోరిస్ మైనర్ కారు ఉన్నవాళ్ళూ వెనక మడ్‌గార్డుల పైపింగ్ దాని కోసం చేసినదే తెప్పించుకోండి.

ఈ సెట్టులో బోల్టులు, వాషర్లు రావు. మడ్‌గార్డుకీ రన్నింగ్ బోర్డుకీ (తలుపుల కింద ఉండే మెట్టు) మధ్య పెట్టే రబ్బరు వాషర్లు కూడా రావు. వాటిని అదే ఆర్డరులో తెప్పించుకుంటే రెండోసారి కొరియరు ఖర్చు మిగులుతుంది.