పోస్టర్ మీద ఒకరు, స్టేజీ మీద ఇంకొకరు: స్టాండప్ కామెడీ షో టికెట్లు కొనేవాళ్లు జాగ్రత్త

గోదావరి జిల్లాల వాళ్లు, ముఖ్యంగా భీమవరం, పాలకొల్లు, తణుకు, అమలాపురం చుట్టుపక్కల ఉన్నవాళ్లు దయచేసి ఇది పూర్తిగా చదవండి. ఇన్‌స్టాగ్రామ్‌లో స్టాండప్ కామెడీ షో యాడ్ చూసి, కింద ఉన్న వాట్సాప్ నంబరుకి మెసేజ్ పెట్టి, వాళ్లు పంపిన క్యూఆర్ కోడ్‌కి డబ్బు కొట్టేద్దామనుకుంటున్నారా? ఒక్క పది నిమిషాలు ఆగండి. మేం ముగ్గురం టికెట్లకే 3,897 రూపాయలు పోగొట్టుకున్నాం. కారు కిరాయి 2,200 దానికి అదనం. డబ్బు సంగతి ఒక ఎత్తు, మా నాన్నగారికి అక్కడ జరిగింది ఇంకో ఎత్తు. రెండూ చెప్తాను.

మాది రాజోలు దగ్గర పల్లెటూరు. మా ఇంట్లో అందరికీ కామెడీ అంటే ప్రాణం, కానీ ఎవరి ఇష్టం వాళ్లది. నాన్నగారికి నేరెళ్ల వేణుమాధవ్ గారి తర్వాతే ఎవరైనా. 1971లో ఐక్యరాజ్యసమితిలో మిమిక్రీ చేసి వచ్చిన మనిషి, 2001లో పద్మశ్రీ అందుకున్న మనిషి అని ఇప్పటికీ ఎవరు దొరికితే వాళ్లకి చెప్తూనే ఉంటారు. "ఎన్ని వందల గొంతులు మార్చాడో, ఒక్కడి పరువూ తియ్యలేదు" అంటారు. నాకు జానీ లీవర్ అంటే ఇష్టం. ఆయన మన ప్రకాశం జిల్లాలో పుట్టిన తెలుగువాడు, అసలు పేరు జాన్ ప్రకాశరావు. హిందుస్థాన్ లీవర్ ఫ్యాక్టరీలో పనిచేసేటప్పుడు యూనియన్ ఫంక్షన్‌లో తన పై ఆఫీసర్లనే అనుకరించి చూపిస్తే తోటి కార్మికులు పెట్టిన పేరు జానీ లీవర్. తన కింద ఉన్నవాడి మీద కాదు, తన జీతం ఆపగలిగిన వాడి మీద జోకు వేశాడు. నాకు నచ్చేది అదే. మా తమ్ముడికి హిందీ కమెడియన్ జాకీర్ ఖాన్. ఇండోర్ నుంచి వచ్చిన ఆయన ఇంట్లో నాన్న గురించో, ఫెయిలైన ప్రేమ గురించో కథ చెప్తుంటే వీడికి హిందీ సగమే వచ్చినా కళ్లలో నీళ్లు తిరుగుతాయి.

నచ్చనివాళ్ల విషయానికొస్తే, ఇంగ్లీషులో కామెడీ చేసే వీర్ దాస్‌కి 2023లో ఇంటర్నేషనల్ ఎమ్మీ అవార్డు వచ్చింది, గొప్పవాడే. కానీ ఆ ఇంగ్లీషు వేగం నాకు అందదు. అది నాకు పడకపోవడమే తప్ప ఆయనలో లోపం కాదు. నాకు నిజంగా గిట్టనిది ఎదురుగా కూర్చున్న మనిషి లావునో, రంగునో, వయసునో పట్టుకుని ఎక్కిరించి, దాన్నే కామెడీ అనేవాళ్లు. అలాంటివాడి ముందే మా నాన్నగారిని కూర్చోబెడతానని నేను కలలో కూడా అనుకోలేదు.

జరిగింది ఇది. యాడ్‌లో షో భీమవరంలో ఒక కళ్యాణ మండపంలో. పోస్టర్ నిండా హైదరాబాద్‌లో తెలుగు షోలు చేసే ఒక పేరున్న కమెడియన్ ఫొటో. ఆయన పేరు ఇక్కడ రాయడం లేదు, ఎందుకో కింద చెప్తాను. ఆ పక్కన చిన్నగా ఇంకో రెండు ముఖాలు. సాధారణ టికెట్ 799, ముందు వరుస 1,299. నాన్నగారికి వినికిడి తక్కువ, కుడి చెవికి మిషను పెట్టుకుంటారు. వెనక కూర్చుంటే మాట గోలలో కలిసిపోతుంది. అందుకని ముందు వరుసే తీసుకున్నాం. టికెట్ అంటే వాట్సాప్‌లో వచ్చిన ఒక ఫొటో, దాని మీద సీటు నంబర్లు. డబ్బు వెళ్లింది ఏ కంపెనీ పేరుకీ కాదు, ఒక మనిషి పేరుకి. అప్పుడే అనుమానం రావాల్సింది. షో తేదీ దగ్గర పడుతోంది, "ఇంకా పన్నెండు సీట్లే ఉన్నాయి" అని వాళ్లు గంటకోసారి మెసేజ్ పెడుతున్నారు. ఆ కంగారులో కట్టేశాం.

దిండి దాటి, చించినాడ వంతెన మీదుగా పాలకొల్లు, అక్కణ్ణుంచి భీమవరం. నాన్నగారు ఇస్త్రీ చొక్కా వేసుకుని, మిషనుకి కొత్త బ్యాటరీ వేయించుకుని బయల్దేరారు. అమ్మ పోయాక ఆయన సరదాగా ఊరు దాటడం అదే మొదటిసారి. అత్తిలి పేరున్న బోర్డు చూసి, బ్రహ్మానందం గారు అక్కడ కాలేజీలో తెలుగు లెక్చరర్‌గా ఉన్న రోజుల్లోనే మిమిక్రీ చేసేవారని దారి పొడవునా చెప్పారు.

ఆరున్నరకి షో అన్నారు. ఎనిమిదింపావు దాకా స్టేజీ మీదకి ఎవరూ రాలేదు. సగం కుర్చీలు ఖాళీ. పన్నెండు సీట్లే మిగిలాయన్న మాట ఎంత అబద్ధమో అక్కడే తెలిసింది. ముందుగా ఒక కుర్రాడు వచ్చాడు, ఇక్కడి ఇంజనీరింగ్ కాలేజీ స్టూడెంటట. హాస్టల్ మెస్ గురించి, శనివారం ఇంటికెళ్లే బస్సు గురించి ఆరేడు నిమిషాలు మాట్లాడాడు. చేతులు వణుకుతున్నాయి, కానీ సొంతంగా రాసుకున్న మాటలు. నాన్నగారు మనసారా నవ్వారు. ఆ అబ్బాయికి ఒక్క రూపాయి కూడా ఇవ్వలేదని బయట తనే చెప్పాడు.

తర్వాత మైకులో "మన స్టార్ కమెడియన్‌కి ఫ్లైట్ మిస్సయింది, ఆయన బదులు ఇంకో స్టార్" అన్నారు. వచ్చినవాడు పోస్టర్ మీద ఉన్న ముగ్గురిలో ఎవరూ కాదు. మొదటి పావుగంట చెప్పిన కథ మా తమ్ముడు పక్కనే కూర్చుని ముందే చెప్పేస్తున్నాడు. హిందీ వీడియోలో చూసిన కథే, ఇండోర్ తీసేసి విజయవాడ పెట్టాడు. అది అయిపోయాక చెప్పడానికి ఇంకేం లేదు. మైకు పట్టుకుని ముందు వరుసలోకి దిగాడు.

"ఏం తాతా, ఏ ఊరు?" అని అడిగాడు. నాన్నగారికి మొదటిసారి వినపడలేదు. "ఆ?" అని ముందుకి వంగారు. అంతే. "తాతకి నెట్‌వర్క్ రావట్లేదు, టవర్ ఎక్కడుందిరా?" అని మిషను వైపు వేలు చూపించాడు. హాలంతా నవ్వు. నాన్నగారు "రాజోలండి" అన్నారు, పాతికేళ్లు కూడా నిండని కుర్రాణ్ణి కూడా అండి అనే మనిషి ఆయన. ఆ "అండి"ని పట్టుకుని "ఆయ్, ఆయ్" అంటూ మన యాస ఎక్కిరించాడు. అక్కణ్ణుంచి ప్రతి జోకు తర్వాతా "తాతా, లోడ్ అయిందా?" అని అడగడం. ఒకసారి కాదు, ఐదుసార్లు. నేను లేచి "చాలండి, వదిలెయ్యండి" అన్నాను. "అక్కకి కోపం వచ్చింది" అని నా మీద మొదలెట్టాడు.

నాన్నగారు ఏమీ అనలేదు. చెయ్యి నెమ్మదిగా చెవి వెనక్కి వెళ్లింది. మిషను తీసి, చొక్కా జేబులో కళ్లజోడు పెట్టె పక్కన పెట్టుకున్నారు. మేం లేచి బయటికి వచ్చేదాకా అలాగే చేతులు ఒళ్లో పెట్టుకుని స్టేజీ వైపు చూస్తూ కూర్చున్నారు. ఇంటికి వచ్చేదాకా మళ్లీ పెట్టుకోలేదు. కారులో నేను ఏదో మాట్లాడుతూనే ఉన్నాను, ఆయనకి వినపడటం లేదని తెలిసి కూడా.

గేటు దగ్గర డబ్బు వెనక్కి ఇమ్మని అడిగితే పోస్టర్ తీసి చూపించారు. అడుగున, చీమ తలకాయంత అక్షరాల్లో "కళాకారులు మారవచ్చు, డబ్బు వాపసు లేదు" అని ఉంది. కావాలంటే వచ్చే షోకి సగం ధరకి కూపన్ ఇస్తామన్నారు. మర్నాడు పొద్దున్నకి నా నంబరు బ్లాక్ చేశారు. పేజీలో కామెంట్లు ఆపేశారు.

పోస్టర్ మీద ఉన్న అసలు కమెడియన్ పేజీకి మెసేజ్ పెట్టాను. రెండు రోజులకి ఆయన టీమ్ జవాబిచ్చింది: ఆ తేదీన వాళ్లకి భీమవరంలో షో లేదు, ఆ ఫొటో వాడమని ఎవరికీ చెప్పలేదు. ఆయన పేరు రాయకపోవడానికి కారణం అదే. మనలాగే ఆయన కూడా మోసపోయాడు. తన తప్పు లేకుండా ఈ గోలలోకి ఆయన్ని లాగడం నాకు ఇష్టం లేదు.

ఇప్పుడు మీరు చెయ్యాల్సింది. మొదట, పోస్టర్ మీద ఎవరి ముఖం ఉందో వాళ్ల సొంత పేజీకి వెళ్లండి. షోలు చేసేవాళ్లు ఊరు, తేదీ, టికెట్ లింకు వాళ్లే పెట్టుకుంటారు. అక్కడ మన ఊరి పేరు లేకపోతే ఆ షో లేనట్టే అనుకోండి. మేం ఈ రెండు నిమిషాల పని చేసుంటే ఈ పోస్టు రాసే పనే ఉండేది కాదు.

క్యూఆర్ స్కాన్ చేశాక డబ్బు పంపే ముందు ఎవరి పేరు వస్తోందో చూడండి. షో నిర్వహించే సంస్థ పేరు కాకుండా ఎవరిదో సొంత ఖాతా కనిపిస్తే అక్కడే ఆగిపోండి. బుక్‌మైషో లాంటి చోట టికెట్ ఉంటే నాలుగు రూపాయలు ఎక్కువైనా అక్కడే కొనండి. షో రద్దయినా, మారినా అడగడానికి ఒక మనిషి, ఒక రికార్డు ఉంటాయి.

ఇంకో విషయం చాలామందికి తెలియదు, నాకూ ఇదంతా అయ్యాకే తెలిసింది. ఇన్‌స్టాలో మనం చూసే నలభై సెకన్ల క్లిప్పుల్లో చాలావరకు కమెడియన్ ముందు వరుస వాళ్లతో మాట్లాడేవే. దానికి కారణం ఉంది. కష్టపడి రాసుకున్న జోకు ఒకసారి నెట్లో పెట్టేస్తే మళ్లీ షోలో చెప్పలేరు, జనానికి ముందే తెలిసిపోతుంది. అందుకని రాసుకున్నది దాచుకుని, ఆ పూట దొరికిన మాటలు పెడతారు. కాబట్టి క్లిప్పు చూసి ఆ మనిషి గంటసేపు ఏం చెప్తాడో అంచనా వెయ్యలేం. టికెట్ కొనేముందు యూట్యూబ్‌లో కనీసం ఇరవై నిమిషాల వీడియో ఒక్కటైనా చూడండి. అసలు అంత నిడివి వీడియో లేని మనిషికి 1,299 ఎందుకో ఆలోచించండి. భాష ఏమిటో, వయసు పరిమితి ఎంతో కూడా చూడండి. పద్దెనిమిది దాటినవాళ్లకి అని రాసి ఉంటే బూతులుంటాయని అర్థం. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు ముందు వరుస వద్దు, నాలుగో ఐదో వరుసలో కూర్చోండి. మంచి కమెడియన్ అయితే ముందు వరుసలో కూర్చున్న పెద్దాయన్ని ఇంకా నవ్విస్తాడు. కానీ అక్కడికి వెళ్లేదాకా ఎవరు ఎలాంటివాళ్లో మనకి తెలియదు కదా.

ఇప్పటికే డబ్బు పోయినవాళ్లు ఊరుకోకండి. పోస్టర్, చాటింగ్, యూపీఐ రసీదు స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి. పేజీ మాయమైతే మళ్లీ దొరకవు. రసీదులో ఉండే పన్నెండు అంకెల యూటీఆర్ నంబరు ముఖ్యం. షోనే జరగకుండా డబ్బు ఎగ్గొడితే అది సైబర్ మోసం, వెంటనే 1930కి ఫోన్ చెయ్యండి. ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బుని అంత తొందరగా ఆపే అవకాశం ఉంటుంది. షో జరిగి, చెప్పింది ఒకటి చూపించింది ఒకటి అయితే అది వినియోగదారుల సమస్య, దానికి 1915. నేను 1915కి ఫిర్యాదు ఇచ్చాను, నంబరు వచ్చింది, జవాబు ఇంకా రావాలి. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. 2019 చట్టం ప్రకారం మనం ఉండే జిల్లాలోనే కేసు వెయ్యొచ్చు, వాళ్ల ఊరు వెళ్లక్కర్లేదు. కట్టిన డబ్బు ఐదు లక్షల లోపైతే ఫీజు లేదు. రెండేళ్ల లోపు వెయ్యాలి. చీమ తలకాయంత అక్షరాల్లో వాపసు లేదని రాసుకున్నంత మాత్రాన తప్పుడు ప్రకటన ఒప్పైపోదు. ఆ రోజు హాల్లో ఉన్నవాళ్లు ఎవరైనా ఉంటే నాకు మెసేజ్ పెట్టండి, కలిసే వేద్దాం.

ఈ పోస్టు ఇవాళే పెట్టడానికి కారణం ఉంది. నిన్న రాత్రి మా తమ్ముడు అమలాపురంలో జరగబోయే షో అని ఒక పోస్టర్ పంపాడు. పేజీ పేరు కొత్తది, రంగులు కొత్తవి, ఫొటో ఇంకో పేరున్న కమెడియన్‌ది. "పది సీట్లే ఉన్నాయి" అని పైన ఎర్ర అక్షరాలు. క్యూఆర్ స్కాన్ చేసి చూశాను. డబ్బు కట్టే చోట మా భీమవరం రసీదులో ఉన్న పేరే వచ్చింది.